చేపలు తర్వాత, ముందు నీళ్ళని పెంచండి

ఈ వారం వీడియోలో పొలం లేదు, ఆవు లేదు, డ్రమ్ము లేదు. మా ఇంటి హాల్లో ఉన్న రెండడుగుల గాజు తొట్టి ఒక్కటే ఉంది. "ఏం తమ్ముడూ, వ్యవసాయం మానేసి చేపల మీద పడ్డావా" అని కొందరు అడుగుతారని నాకు తెలుసు. తొట్టి ఎలా పెట్టానో పైన వీడియోలో చూపించాను కాబట్టి అదంతా మళ్ళీ రాయను. వీడియోలో చెప్పడానికి సిగ్గేసి వదిలేసిన సంగతి ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నా.

నేను చెప్పదలుచుకున్నవి రెండే ముక్కలు. ఒకటి, తొట్టి, చేపలు ఒకే రోజు కొనకూడదు. అమ్మేవాళ్ళు ఒకే రోజు అమ్మకూడదు. రెండోది మనవాళ్ళ కోసం. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం, సూక్ష్మజీవుల సంగతి మనకి తెలుసు కదా అనే ధీమాతో తొట్టి దగ్గరికి వెళ్తే, ఏమీ తెలియనోడికన్నా మనమే ఎక్కువ చేపల్ని చంపుతాం. నేను చంపాను కాబట్టే చెబుతున్నా.

మా పాప పుట్టినరోజుకి చేపల తొట్టి కావాలంది. గుంటూరు వెళ్ళి ఒక షాపులో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి తీసుకున్నాం. దాంతోపాటే నాలుగు గోల్డ్ ఫిష్, రెండు ఏంజెల్, ఐదు గప్పీలు, అద్దాలు శుభ్రం చేస్తుందని ఒక సక్కర్ చేప. మొత్తం డజను. "నీళ్ళు పోసి ఒక రోజు ఉంచండి సార్, రేపు చేపలు వదిలేయండి, అంతే" అన్నాడు షాపతను. రంగు రాళ్ళు కూడా ఇవ్వబోతే నేనే వద్దన్నా. మనం ప్రకృతి రైతులం కదా, రంగు రాళ్ళేంటి అని.

ఇంటికొచ్చి అడుగున మా పెరటి మట్టి పరిచా. అందులో రెండు దోసిళ్ళ ఘనజీవామృతం కలిపా. పైన ఇసుక. పొలానికి ఎంత బాగా పనిచేస్తుందో కళ్ళారా చూస్తున్నాం, తొట్టికి ఎందుకు పనిచేయదు? మర్నాడు చేపలు వదిలేశా. సాయంత్రం డ్రమ్ములోంచి అర గ్లాసు జీవామృతం వడకట్టి నీళ్ళలో పోశా. సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయని. ఆ పోసేటప్పుడు నా మొహంలో గర్వం చూడాల్సింది.

తెల్లారేసరికి నీళ్ళు పల్చటి మజ్జిగలా అయ్యాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. షాపుకి ఫోన్ చేస్తే "నీలం మందు పది చుక్కలు వేయండి" అన్నాడు. వేశా. ఐదు రోజుల్లో తొమ్మిది చేపలు పోయాయి. గోల్డ్ ఫిష్ నాలుగూ, ఏంజెల్ రెండూ, గప్పీలు మూడు. రోజూ పొద్దున్నే పాప లేవకముందే తీసేసేవాణ్ణి. మూడో రోజు అది నాకన్నా ముందే లేచింది. "మన పొలంలో పోసేదే కదా నాన్నా, చేపలెందుకు చచ్చిపోతున్నాయి?" అని అడిగింది.

డిప్లొమాలో మట్టి రసాయనం చదువుకున్నా. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఐదేళ్ళ పిల్ల అడిగినదానికి మాత్రం ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నా. మీరూ వేసి చూడండి.

మా తొట్టిలో నికరంగా పట్టే నీళ్ళు 50 లీటర్లు. మన వాతావరణంలో లీటరు నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ మహా అయితే 8 మిల్లీగ్రాములు. అంటే తొట్టి మొత్తంలో 400 మిల్లీగ్రాములు. అర గ్రాము కూడా లేదు. చిటికెడు ఉప్పంత. డజను చేపలు బతకాల్సింది ఆ చిటికెడు మీదే. ఇప్పుడు జీవామృతం లెక్క చూద్దాం. 200 లీటర్ల డ్రమ్ములో 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం వేస్తాం. నేను పోసిన అర గ్లాసులో ఆ లెక్కన దాదాపు గ్రాము బెల్లం, గ్రాము పిండి, ఐదు గ్రాముల పేడ, ఐదు మిల్లీలీటర్ల మూత్రం. డ్రమ్ములో కొంత పులిసిపోయి ఉంటుంది, సరే. అయినా ఒక గ్రాము బెల్లాన్ని సూక్ష్మజీవులు పూర్తిగా తినాలంటే వాటికి గ్రాము పైన ఆక్సిజన్ కావాలి. తొట్టిలో ఉన్నదేమో అర గ్రాము లోపు. నీళ్ళ పైభాగం నుంచి గాలి మళ్ళీ కలుస్తూ ఉంటుంది కాబట్టే మూడు చేపలన్నా మిగిలాయి.

పొలంలో ఇదే జీవామృతం ఎందుకు హాని చేయదంటే, మట్టి రంధ్రాల్లో గాలి ఉంటుంది. లీటరు గాలిలో 270 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఉంటుంది, లీటరు నీళ్ళలో ఉన్నదానికి ముప్పై రెట్ల పైమాటే. పైగా మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాని బంకమన్ను, హ్యూమస్ పట్టి ఉంచుతాయి. వేళ్ళు నెమ్మదిగా తీసుకుంటాయి. తొట్టిలో పట్టి ఉంచేది ఏమీ లేదు. వచ్చిన అమ్మోనియా వచ్చినట్టు చేప మొప్పల్లోకే పోతుంది.

ఇంకో దెబ్బ కూడా ఉంది. మన పల్నాడు బోరు నీళ్ళు ఉప్పదనం, గట్టిదనం ఉన్నవి. మా బోరు పీహెచ్ 8 చూపిస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషం అవుతుంది. మన ఎండలకి ఇంట్లో నీళ్ళు కూడా 32 డిగ్రీలు దాటతాయి. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, తొట్టిలో మనకి కావాల్సిన సూక్ష్మజీవులు వేరే జాతి. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ కొంతవరకు చేపకి ఇబ్బంది లేదు, మొక్కకి ఆహారం. ఇది మన పొలంలో జరిగేదే, పాఠంలో చదివిందే. తేడా ఏంటంటే ఈ బ్యాక్టీరియాకి బెల్లం అక్కర్లేదు, పిండి అక్కర్లేదు. అమ్మోనియా, ఆక్సిజన్, పట్టుకుని కూర్చోవడానికి ఒక గరుకు జాగా ఉంటే చాలు. జీవామృతంలోవి గంటల్లో రెట్టింపవుతాయి, ఇవి అలా కాదు. మెల్లగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బెల్లం పోస్తే పెరిగేవి వేరే, అవి వీటికి అందాల్సిన ఆక్సిజన్‌ని కూడా లాగేస్తాయి.

అందుకే ఒక రోజు ఉంచి చేపలు వదలండి అనే మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఒక రోజు ఉంచితే కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోతుందేమో గానీ, తొట్టి తయారవదు. గాజు మధ్య పోసిన ఉత్త నీళ్ళు అవి. పచ్చిరొట్ట వేసి కలియదున్నిన మర్నాడే నాట్లు వేయమని మనకెవరైనా చెబితే ఊరుకుంటామా? అడుగు కుళ్ళి, వేడి తగ్గేదాకా ఆగుతాం కదా.

షాపు వాళ్ళని ఒక్క మాటలో తిట్టేసి ఊరుకోవాలని కూడా లేదు. మనవైపు షాపులకి చెన్నై కొళత్తూరు నుంచి చేపలు సంచుల్లో వస్తాయి. ఉంచుకున్నకొద్దీ మేత ఖర్చు, చావులు. తొట్టి అమ్మి "ఐదు వారాల తర్వాత చేపలకి రండి" అంటే ఆ కొన్నవాడు తిరిగి వస్తాడన్న నమ్మకం అతనికి లేదు. నేనూ గానుగ నూనె, దేశవాళీ బియ్యం అమ్ముకునేవాణ్ణే, గిరాకీ వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ చేపలు చస్తే మందు, మందుకి తగ్గకపోతే ఇంకో మందు, అన్నీ చస్తే మళ్ళీ చేపలు, ఈ దారి మనం ఎక్కడో చూశాం కదా? పురుగుమందుల కొట్లో అరువు ఖాతా చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ అనే రంగు. కొన్ని జబ్బులకి విడిగా ఒక బకెట్లో వాడితే పనికొస్తుంది. తొట్టిలో పోస్తే మనం పెంచుకుంటున్న మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది. జబ్బు నీళ్ళది అయితే చేపకి మందేంటి?

ఇక రెండోసారి ఏం చేశానో చెప్తా. మట్టి ఆలోచన తప్పు కాదు, అందులో ఎరువు కలపడం తప్పు. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ 1999లో మొక్కల తొట్టి మీద ఒక పుస్తకం రాసింది. అడుగున మామూలు మట్టి, పైన ఇసుక, మొదటి రోజు నుంచే ఒత్తుగా మొక్కలు, తక్కువ చేపలు. ఆవిడ పద్ధతి అదే. మన పద్ధతికి దగ్గరి చుట్టం లాంటిది. నీటి మొక్కలు చాలావరకు నైట్రేట్ కన్నా అమ్మోనియం రూపాన్నే ముందు తీసుకుంటాయి. వరి కూడా అంతే కదా, నీళ్ళు నిలిచిన మడిలో అది బతికేది అమ్మోనియం మీదే. కాబట్టి బ్యాక్టీరియా ఎదిగేలోపు కూడా మొక్కలు కొంత పని చేసిపెడతాయి.

నేను మా పెరటి ఎర్రమట్టి జల్లించి అంగుళం మందం వేశా. ఈసారి ఏ ఎరువూ కలపలేదు. నల్లరేగడి వద్దు, కాస్త కదిలినా నీళ్ళు బురదవుతాయి. అంగుళం కన్నా ఎక్కువా వద్దు. దమ్ము చేసిన మడిలో కాలు పెడితే కుళ్ళిన గుడ్డు వాసనతో బుడగలు వస్తాయి చూడండి, మట్టి లోతైతే తొట్టి అడుగున అదే తయారవుతుంది. పైన బాగా కడిగిన ఇసుక ఇంకో అంగుళం. దాని మీద పళ్ళెం పెట్టి నీళ్ళు మెల్లగా పళ్ళెంలోకి పోశా, మట్టి లేవకుండా. మొక్కలు వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్. హైడ్రిల్లా మన చెరువుల్లో దొరికేదే గానీ పురుగుమందు పారే పంట కాలువ నుంచి తెచ్చుకోకండి. రసాయనం కొట్టని మన చెరువు నుంచి తెచ్చినా వారం పాటు విడిగా బకెట్లో ఉంచి, రోజూ నీళ్ళు మార్చి, అప్పుడు నాటండి. నత్తలు వస్తాయి, వస్తే రానివ్వండి. తూనీగ పిల్లపురుగులు మాత్రం ఏరేయండి, అవి చిన్న చేప పిల్లల్ని తింటాయి.

ఫిల్టర్ అంటే పెద్ద యంత్రం అక్కర్లేదు. చిన్న గాలి పంపు, దానికి స్పాంజి ఫిల్టర్. ఆ స్పాంజిలోనే మన బ్యాక్టీరియా ఊరు కట్టుకుంటుంది. తొందరగా తయారవ్వాలంటే ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క ఒకటి తెచ్చి పెట్టండి. జీవామృతంలో గుప్పెడు గట్టు మట్టి వేస్తాం చూడండి, అలాంటిదే. బ్యాక్టీరియా ఉండేది నీళ్ళలో కాదు, ఆ స్పాంజి మీద, ఇసుక మీద. పాత తొట్టి నీళ్ళు తెచ్చి పోస్తే పెద్దగా వచ్చేదేమీ లేదు. ఆ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతికేవాళ్ళని చూశా, అది పొలం మట్టిని బ్లీచింగ్ పౌడర్‌తో కడగడమే. తొట్టిలోంచి తీసిన నీళ్ళలో ఒకసారి పిండితే చాలు.

తర్వాత రోజూ చిటికెడు చేపల మేత ఖాళీ తొట్టిలో వేశా. మా నాన్న చూసి "చేపల్లేకుండా ఎవరికి వేస్తున్నావురా" అన్నారు. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకి మేత. చుక్కల పరీక్ష కిట్ ఒకటి కొనండి. దీనికి పెట్టే డబ్బు చేపలకి పెట్టేదానికన్నా ముందు పెట్టాలి. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది, చివరికి రెండూ సున్నాకి వచ్చి నైట్రేట్ కనిపిస్తుంది. మాకు ముప్పై మూడో రోజుకి అలా వచ్చింది. ఆ ముప్పై మూడు రోజులు పాపని ఆపడం అన్నిటికన్నా కష్టమైంది. గోడ మీద కాగితం అంటించి, కిట్ రంగు రోజూ దాని చేతే క్రేయాన్లతో వేయించా. చివరికి రంగు మారిన రోజు అది అరిచిన అరుపుకి పక్కింటి వాళ్ళొచ్చారు.

చేపల ఎంపికలో నా మాట సూటిగా చెప్తా. మీ నీళ్ళకి తగ్గ చేపని తెచ్చుకోండి, చేపకి తగ్గట్టు నీళ్ళని మార్చాలని చూడకండి. మన గట్టి నీళ్ళలో గప్పీ, ప్లాటీ, మోలీ హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రా మెత్తటి నీళ్ళ చేప, మొదటిసారికి మనకొద్దు. గట్టిదనం ఎక్కువని ఆర్వో నీళ్ళు ఉత్తవే పోసేయకండి, వాటిలో ఖనిజాలు ఉండవు. గోల్డ్ ఫిష్ రెండడుగుల తొట్టికి కాదు. జానెడు పైన పెరుగుతుంది, విసర్జన విపరీతం. గుండ్రటి గాజు బౌల్‌లో దాన్ని పెట్టడమైతే నా దృష్టిలో క్రూరత్వమే. ఏంజెల్ పెరిగితే పక్కన ఉన్న చిన్న చేపల్ని మింగుతుంది. ఫైటర్ కావాలంటే ఒక్కటే, విడిగా, కనీసం ఇరవై లీటర్లలో. మగవి రెండు కలిపితే కొట్టుకుంటాయి. గప్పీలు నెలనెలా పిల్లలు పెడతాయి, పెంచే చోటు లేకపోతే మగవి మాత్రమే తీసుకోండి. షాపులో ఆడది కొంటే అది అప్పటికే కడుపుతో ఉండే అవకాశం ఎక్కువ.

మేము మొదట నాలుగు మగ గప్పీలు వదిలాం. రెండు వారాలు కిట్ చూసుకుని ఇంకో నాలుగు. అక్కడితో ఆపేశాం. సంచిని అరగంట తొట్టిలో తేలించి, తొట్టి నీళ్ళు కొంచెం కొంచెం సంచిలో కలిపి, చేపల్ని మాత్రం వలతో వదలండి, షాపు నీళ్ళు పారబోయండి. తక్కువ చేపలుంటే కరెంటు పోయినా భయం లేదు. మా ఊళ్ళో వేసవిలో మూడు గంటలు పోయిన రోజు కూడా ఒక్కటీ నోరు తెరవలేదు. మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేంత. వారానికోసారి పది లీటర్లు తీసి కొత్త నీళ్ళు. ఆ తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోస్తున్నాం. ఇక్కడ మాత్రం మనకి తెలిసిన లెక్క తప్పలేదు.

ఇక మిగిలిపోయిన ఆ సక్కర్ చేప సంగతి. అన్నీ చచ్చినా అది చావలేదు. అది గాలిని నేరుగా మింగి కూడా బతుకుతుంది. కొన్ని నెలల్లో జానెడైంది, తొట్టిలో మొక్కలు పీకేయడం మొదలుపెట్టింది. "సాగర్ కాలవలో వదిలెయ్, పుణ్యం" అన్నారు ఇంట్లో. బకెట్లో వేసుకుని కాలవ గట్టు దాకా వెళ్ళా కూడా. అక్కడ వల వేస్తున్న పెద్దాయన బకెట్లోకి తొంగి చూసి, "అయ్యా, ఇది పడితే మా వలలు చిరుగుతున్నాయి, నువ్వు ఇంకోటి వేస్తావా" అన్నాడు. అది దక్షిణ అమెరికా చేప. మన నీళ్ళలో దాని కవచం ముందు నిలిచే శత్రువు దాదాపు లేదు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మన చేపల మేత తింటుంది. మన వైపు నదుల్లో, కాలవల్లో ఇప్పటికే పడుతోంది. అవి పుట్టింది నదుల్లో కాదు, ఇలా బకెట్లు పట్టుకుని పుణ్యానికి వెళ్ళిన నాలాంటి వాళ్ళ ఇళ్ళల్లో. పొలంలో గట్టు మీద పరాయి కలుపు మొలిస్తే గింతులేసే మనం, కాలవలోకి దీన్ని ఎలా వదులుతాం? గప్పీలైనా సరే, తొట్టి మొక్కలైనా సరే, చెరువులో, కాలవలో, బావిలో వదలొద్దు. నేను వెనక్కి తిరిగి వచ్చి మర్నాడు గుంటూరు వెళ్ళి షాపులోనే ఊరికే ఇచ్చేశా. పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకి ఇస్తానన్నాడు. పెంచలేనంత పెరిగే చేపని కొనేముందు, పెరిగాక ఎవరికిస్తామో అడిగి తెలుసుకుని కొనండి.

అసలు గాజులో చేపని పెట్టడమే ప్రకృతికి విరుద్ధం కదా అని మన గ్రూపులో ఒకన్న అన్నారు. కాదనను. మా నాన్న చిన్నప్పుడు వరి మడిలోనే పరిగెలు పట్టుకునేవారట, తొట్టి అవసరం ఏముంది అప్పుడు? మందులు కొట్టి కొట్టి మళ్ళలో చేప లేకుండా చేశాం. మా రెండెకరాల్లో మూడేళ్ళుగా మందు లేదు. పోయిన వానాకాలం మడి మూలన గుంటలో చిన్న చేపలు నాలుగు కనిపించాయని పాపే చూపించింది. వాటిని తొట్టిలోకి తెద్దామంది. వద్దన్నా. రోజూ అక్కడికే వెళ్ళి చూసొచ్చేది.

ఇప్పుడు మా ఫిల్టర్‌లో మూడు స్పాంజిలు కలిపి నడుపుతున్నా. రెండు అదనం. నరసరావుపేట చుట్టుపక్కల ఎవరైనా కొత్తగా తొట్టి పెడుతుంటే వచ్చి ఒకటి ఊరికే తీసుకెళ్ళొచ్చు. ఒక డబ్బా తెచ్చుకోండి, తొట్టి నీళ్ళలోనే ముంచి ఇస్తా, దారిలో ఆరిపోనివ్వకండి. చేపల్ని మాత్రం ఆ రోజు కొనకండి.